వంతపాటగాని స్థానం యంత్రానికి ఇవ్వరాదు

కృత్రిమ మేధ అనే కొత్త యంత్రం నేడు పాట కడుతున్నది, బొమ్మ గీస్తున్నది, నాటకం వ్రాస్తున్నది. ఇది కళాకారుల గొడవ, కర్మాగార కార్మికులకు దీనితో నిమిత్తం లేదని కొందరు మిత్రులు అంటున్నారు. ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించజాలము. పనివాని నేర్పును యంత్రంలోకి ఎక్కించి, ఆపై పనివానిని గేటు బయటికి పంపడం మనకు తెలిసిన కథే.

కుమ్హారి, భిలాయి ప్రాంతాల తెలుగు కార్మికులు మన బుర్రకథనూ, ఛత్తీస్‌గఢ్ పండవానీనీ ఎరుగుదురు. బుర్రకథలో కథకునికి ఇరుప్రక్కల ఇద్దరు వంతలు; ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. పండవానీలో ‘రాగీ’ హుంకారమిస్తూ, ప్రశ్నిస్తూ కథను నడిపిస్తాడు. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసిన తీజన్ బాయి ఈ కళతోనే 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. తోటివాడు అడ్డుప్రశ్న వేసినప్పుడే కథకుని మాట పదునెక్కుతుంది. సమష్టి కళకు ప్రాణం అదే.

యంత్రం పలికేది లక్షలాది కళాకారుల శ్రమఫలం. వారిలో అత్యధికుల అనుమతిని ఎవరూ కోరలేదు. దివంగత ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం స్వరాన్ని అనుమతి లేకుండా యంత్రంతో పునఃసృష్టించారంటూ ‘కీడా కోలా’ చిత్ర బృందానికి 2024లో ఆయన కుమారుడు లాయరు నోటీసు పంపవలసివచ్చింది. అదే సంవత్సరం ‘లాల్ సలామ్’ చిత్రంలో ఇద్దరు దివంగత గాయకుల స్వరాలను వాడిన ఎ.ఆర్. రెహమాన్, వారి కుటుంబాల అనుమతి పొంది పారితోషికం చెల్లించినట్లు ప్రకటించారు. కనుక న్యాయంగా వ్యవహరించడం అసాధ్యమనే వాదన చెల్లదు. 2023లో అమెరికా సినీ, టెలివిజన్ రచయితలు 148 రోజులు సమ్మె చేసి, యంత్రాన్ని రచయితగా గుర్తించరాదనీ, దానిని వాడమని రచయితను నిర్బంధించరాదనీ ఒప్పందం సాధించుకున్నారు. సంఘబలం లేనిదే ఇది జరిగేది కాదు.

కళావిద్యలో ప్రమాదం మరింత సూక్ష్మమైనది. పదిమంది పిల్లలు కలిసి ఒక నాటిక కడితే వాదించుకోవడం, సర్దుకోవడం, ఎదుటివాని మాట వినడం నేర్చుకుంటారు. మీట నొక్కగానే నాటిక చేతికి వస్తే ఈ చదువంతా పోతుంది. తెలుగు నాటికను హిందీలోకి మార్చుకొనడానికో, రంగాలంకరణ నమూనాలు చూచుకొనడానికో యంత్రాన్ని వాడవచ్చు. మాకు అభ్యంతరం లేదు. అయితే దానిని చూపి సంగీత, చిత్రలేఖన ఉపాధ్యాయుల నియామకాలు ఆపితే సహించరాదు.

కళాకారుని అనుమతి, ప్రతిఫలం, పేరు — ఈ మూడూ చట్టబద్ధం కావాలి. ప్రతి పాఠశాలలో కళా ఉపాధ్యాయుడు ఉండాలి. ఈ కోర్కెలను మన సంఘాలన్నీ తమ తీర్మానాలలో చేర్చాలని విజ్ఞప్తి చేస్తున్నాము.