రెండవ భాషకు దారులు

తెలంగాణమున బడులన్నిటను తెలుగు విధిగా నేర్పవలెనని 2018లో శాసనమైనది. మంచిదే. అయితే కంటోన్మెంటును ఆనుకొనియున్న మచ్చ బొల్లారము వంటి చోట ఇంటిభాష వేఱైన పిల్లలు పెక్కండ్రు. వారు తెలుగును ఏ యుపాయమున పట్టుకొందురను ప్రశ్న బడిలో వినబడుట అరుదు.

భాష నేర్చువారి యుపాయములను రెబెక్కా ఆక్స్‌ఫర్డు అను అమెరికా విదుషి 1990లో ఆరు తెగలుగా విభజించిరి: జ్ఞాపకముంచుకొనుట, విశ్లేషించి అభ్యసించుట, తెలియని మాటకు ఊహతోనో సైగతోనో పూరణ చేయుట, తన చదువును తానే నడుపుకొనుట, బిడియమును గెలుచుట, పదుగురితో కలిసి మాటాడుట. ఈ తెగలు ఒకదానిలోనికొకటి చొరబడునను విమర్శ కలదు, అది నిజమే. అయినను ఉపాధ్యాయునకు ఈ పట్టిక అద్దము వంటిది. వ్రాతపరీక్ష మొదటి రెండింటినే తూచగలదు. చింతకాయ యను మాట తోచక అంగడిలో “పుల్లగా ఉండే కాయ” అని యడిగిన పిల్లవాడు మూడవ యుపాయమును చక్కగా వాడినాడు. బడిలో వానికి సున్న!

బ్రౌను దొర 1817లో మదరాసు చేరి వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు మొదలుపెట్టెను. 1820లో కడప చేరినాడు. తరువాత సొంత సొమ్ముతో పండితులను పోషించి, వారి నడుమ కూర్చుండి వ్రాతప్రతులు పరిష్కరింపజేసెను. 1852లో వెలువడిన నిఘంటువు వెనుక ఈ సాంగత్యమున్నది. ఒంటరి వల్లెవేతతో అది పుట్టలేదు.

కావున రెండవ భాషగా తెలుగు చదువువారికి నాలుగవ వంతు మార్కులైనను సంభాషణకు కేటాయింపవలెను. వారమునకొక గంట తెలుగింటి పిల్లవానిని వారి ప్రక్కన కూర్చుండబెట్టవలెను. దీనికి కొత్త పుస్తకముతో పనిలేదు.