కంప్యూటర్‌కు పదేపదే బ్లూ స్క్రీన్ వస్తోందా? 78 నిమిషాల పొరపాటు చెప్పిన పాఠం ఇదీ

‘‘సర్వర్ డౌన్ అండీ, మధ్యాహ్నం రండి.’’

ధ్రువపత్రం కోసమో, ఫీజు కట్టడానికో కౌంటర్ దగ్గరకు వెళ్లినవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. అయితే ప్రతిసారీ ఆగిపోయేది ఎక్కడో ఉన్న సర్వరే కానక్కర్లేదు. కౌంటర్ అవతల బల్ల కింద ఉన్న డెస్క్‌టాప్ కూడా కావచ్చు. స్క్రీన్ నిండా నీలం రంగు, ఒక విచారపు ముఖం గుర్తు, కింద ఇంగ్లిష్‌లో రెండు మూడు ముక్కలు. కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. కాసేపటికి మళ్లీ అదే వరస.

ఇంట్లో అయితే పిల్లల ప్రాజెక్ట్ ఆగుతుంది. ఆఫీసులో అయితే జీతాల ఫైల్ ఆగుతుంది. కౌంటర్‌లో అయితే ఆ రోజు సెలవు పెట్టి వచ్చిన పదిమంది పని ఆగుతుంది. ఈ బ్లూ స్క్రీన్ ఎందుకొస్తుంది? మళ్లీ మళ్లీ వస్తుంటే ఏ వరుసలో చూసుకోవాలి?

ఇది తెలుసుకోవడానికి 2024 జులై 19 నాటి ఘటనకు మించిన ఉదాహరణ లేదు.

ఆ రోజు ఏం జరిగింది?

భారత కాలమానం ప్రకారం ఆ ఉదయం 9.39 గంటలకు సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ తన ‘ఫాల్కన్’ సాఫ్ట్‌వేర్ ఉన్న విండోస్ కంప్యూటర్లకు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. అందులో లోపం ఉంది. కొత్త ఫైల్ 21 అంశాలను ఆశించింది, ప్రోగ్రామ్ ఇచ్చింది 20. లేని ఆ 21వ అంశాన్ని మెమరీలో చదవబోయి కంప్యూటర్లు కుప్పకూలాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల యంత్రాలపై ఆ ప్రభావం పడింది. మొత్తం విండోస్ కంప్యూటర్లలో ఇది ఒక శాతం కన్నా తక్కువే. కానీ అవి ఉన్న చోట్లు విమానాశ్రయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు, టీవీ చానళ్లు.

మన దేశంలో ఇండిగో, ఆకాసా, స్పైస్‌జెట్ వంటి విమానయాన సంస్థలు ఇబ్బంది పడ్డాయి. ఒక్క ఇండిగోయే దాదాపు 200 విమానాలను రద్దు చేసింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడు, తనకు చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటోను సోషల్ మీడియాలో పెడితే వైరల్ అయింది. పది బ్యాంకులు, బ్యాంకింగేతర ఆర్థిక సంస్థల్లో స్వల్ప అంతరాయాలు కలిగాయని రిజర్వ్ బ్యాంక్ తెలిపింది. నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ నెట్‌వర్క్‌పై ప్రభావం లేదని కేంద్ర ఐటీ మంత్రి ప్రకటించారు.

తప్పు తెలిసి క్రౌడ్‌స్ట్రైక్ ఆ ఫైల్‌ను వెనక్కి తీసుకున్నది ఉదయం 10.57కి. అంటే 78 నిమిషాల్లో. కానీ యంత్రాలన్నీ తేరుకోవడానికి ఎంత పట్టింది? దాదాపు 99 శాతం తిరిగి పనిచేస్తున్నాయని ఆ సంస్థ చెప్పింది జులై 29 నాటికి.

78 నిమిషాల పొరపాటుకు పది రోజుల మరమ్మతు ఎందుకు? అప్పటికే పడిపోయిన కంప్యూటర్ ఆన్ అవుతూ, మళ్లీ పడిపోతూ ఉంది. దూరం నుంచి సరిచేయడానికి చాలా యంత్రాలు అందలేదు. ఒక మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైల్‌ను తొలగించాలి. పని చిన్నదే. కానీ డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కావాలి. ఆ కీ ఎక్కడుందో వెతుక్కోవడమే కొన్నిచోట్ల అసలు పనైంది.

మన ఇంట్లోని ఒక్క కంప్యూటర్‌కూ ఇదే లెక్క. బ్లూ స్క్రీన్ తినే సమయం తక్కువ. బ్యాకప్ లేక, కీ దొరక్క, చివరగా ఏం మార్చామో గుర్తులేక పోయే సమయమే ఎక్కువ.

అసలు బ్లూ స్క్రీన్ అంటే ఏంటి?

అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్‌లో ఫ్యూజు పోతే ఆ ఇంటికే చీకటి. అదే మెయిన్ ప్యానెల్‌లో తేడా వస్తే మెయిన్ ట్రిప్ అయి మొత్తం కరెంటు ఆగుతుంది. ట్రిప్ కావడం వల్లే మంటలు రాకుండా ఉంటాయి.

విండోస్‌లోనూ అంతే. బ్రౌజర్ లాంటి యాప్ చెడితే ఆ యాప్ ఒక్కటే మూసుకుంటుంది. కానీ కెర్నల్ అనే కీలక భాగంలో, అంటే గ్రాఫిక్స్, నెట్‌వర్క్ డ్రైవర్లు, యాంటీవైరస్ వంటివి పనిచేసే చోట తప్పు జరిగితే, ఇక ముందుకు వెళ్తే డేటా పాడవుతుందని విండోస్ తనను తానే ఆపేసుకుంటుంది. ఆ ఆపిన సందేశమే బ్లూ స్క్రీన్. కాబట్టి అది రోగం కాదు, రోగ లక్షణం.

ఇప్పుడు ఆ రంగు కూడా మారుతోంది. విండోస్ 11 కొత్త వెర్షన్లలో 2025 నుంచి మైక్రోసాఫ్ట్ దీన్ని నల్ల తెరగా మార్చింది. రంగు ఏదైనా చూడాల్సింది కింద ఉన్న ‘స్టాప్ కోడ్’నే.

ఒకసారి వస్తే భయపడాలా?

నెలల తరబడి బాగా పనిచేసిన కంప్యూటర్‌కు ఎప్పుడో ఒకసారి వచ్చి పోతే కంగారు అక్కర్లేదు. వారంలో రెండు మూడుసార్లు వస్తే మాత్రం కారణం వెతకాలి. మరమ్మతు మొదలుపెట్టే ముందు రెండు పనులు చేయండి.

మొదటిది, ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీయండి. చదివేలోపే రీస్టార్ట్ అవుతుంటే, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లోని ‘స్టార్టప్ అండ్ రికవరీ’లో ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ దగ్గర టిక్ తీసేయండి.

రెండోది, కంప్యూటర్ ఆన్‌లో ఉన్నంతసేపట్లోనే ముఖ్యమైన ఫైళ్లు, ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకో, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ లేదా డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినవాళ్లకు చాలావరకు అది ఆ అకౌంట్‌లోనే ఉంటుంది. మీరు ఆన్ చేయకపోయినా, కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉండొచ్చు.

స్టాప్ కోడ్ ఏం చెబుతుంది?

కోడ్ పూర్తి కారణం చెప్పదు. ఎటు చూడాలో చెబుతుంది.

- ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని ఉంటే ముందు ర్యామ్‌ను అనుమానించాలి.
- ‘వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్’ అంటే హార్డ్‌వేర్ వైపు చూడాలి. వేడి, ప్రాసెసర్, పవర్ సరఫరా, ఓవర్‌క్లాకింగ్ లాంటివి.
- ‘డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్’తో మొదలైతే డ్రైవర్ సమస్య కావచ్చు. ‘వాట్ ఫెయిల్డ్’ అంటూ ఫైల్ పేరు కూడా కనిపిస్తే అది మంచి ఆధారం.
- ‘వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్’ అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ లేదా కార్డు.
- ‘ఇన్ఆక్సెసిబుల్ బూట్ డివైజ్’ అంటే విండోస్ ఉన్న డిస్క్ అందడం లేదు.

ఇంకో గుర్తు కూడా ఉంది. ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే ఫైల్ పేరు వస్తుంటే ఫలానా డ్రైవర్‌ను అనుమానించవచ్చు. వచ్చిన ప్రతిసారీ వేరే కోడ్ వస్తుంటే ర్యామ్, పవర్ సప్లై, వేడి మీద అనుమానం పెరుగుతుంది.

చివరగా ఏం మారింది?

ఇదే అన్నిటికన్నా విలువైన ప్రశ్న. సమాధానం మీ కంప్యూటర్‌లోనే ఉంది. స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ’ అని టైప్ చేసి ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ తెరవండి. ఏ రోజు ఏ అప్‌డేట్ వచ్చింది, ఏ ప్రోగ్రామ్ వేశారు, ఏ రోజు క్రాష్ అయింది అన్నది తేదీల వారీగా కనిపిస్తుంది. 12న కొత్త డ్రైవర్, 13 నుంచి క్రాష్‌లు అని తేలితే సగం పని అయిపోయినట్లే.

ఇక్కడి నుంచి ఖర్చు లేని పనులతో మొదలుపెట్టి ముందుకు వెళ్లాలి.

1. కొత్తగా పెట్టినవి తీసేయండి. యూఎస్‌బీ పరికరాలు, కొత్త ర్యామ్, కొత్త సాఫ్ట్‌వేర్. ఒక్కొక్కటిగా తీసి చూడాలి. అన్నీ ఒకేసారి తీసేస్తే దోషి ఎవరో తెలియదు.

2. విండోస్ తెరుచుకోకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ చేస్తే రికవరీ మెనూ వస్తుంది. బూట్ వరసగా విఫలమైనా అదే మెనూ వస్తుంది. డ్రైవర్‌ను పాత వెర్షన్‌కు మార్చడం, అప్‌డేట్ తీసేయడం, సిస్టమ్ రీస్టోర్ ఈ దారిలోనే. సేఫ్ మోడ్‌లో క్రాష్ రాకపోతే డ్రైవర్ లేదా సాఫ్ట్‌వేర్ మీదే అనుమానం బలపడుతుంది.

3. విండోస్ ఫైళ్లను పరీక్షించండి. కమాండ్ ప్రాంప్ట్‌లో నడిచే ‘సిస్టమ్ ఫైల్ చెకర్’, డిస్క్‌కు ‘చెక్ డిస్క్’ విండోస్‌తోనే వస్తాయి. డిస్క్ పోతున్న సూచన కనిపిస్తే పరీక్షల కన్నా ముందు బ్యాకప్.

4. ర్యామ్‌ను పరీక్షించండి. ‘విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్’ ఉచితమే. రెండు ర్యామ్ స్టిక్‌లు ఉంటే, ప్లగ్ తీసేసి, ఒక్కదానితో ఒక రోజు, రెండోదానితో ఇంకో రోజు నడిపి చూడొచ్చు.

5. వేడి, కరెంటు చూడండి. మన వేసవిలో, గోడకు ఆనించిన క్యాబినెట్‌లో, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో ప్రాసెసర్ వేడెక్కడం మామూలే. మధ్యాహ్నాలు మాత్రమే క్రాష్ అవుతుంటే, లేదా లైట్లు మినుకుమన్నప్పుడే అవుతుంటే అది పెద్ద ఆధారం. యూపీఎస్ బ్యాటరీ, పవర్ సప్లై చూపించండి.

6. ఇవేవీ పనిచేయకపోతేనే రీసెట్ లేదా ఫార్మాట్. హార్డ్‌వేర్ చెడితే ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా బ్లూ స్క్రీన్ తిరిగొస్తుంది. ‘‘ఫార్మాట్ కొడితే సరిపోతుంది’’ అనే దుకాణంలో, ఏ కోడ్ వచ్చిందో చూశారా అని ముందు అడగండి.

ఫోన్ నంబర్ కనిపిస్తే అది మోసమే

అసలు బ్లూ స్క్రీన్‌లో కాల్ చేయమంటూ ఫోన్ నంబర్ ఉండదు. బ్రౌజర్‌లో నీలి తెర లాంటి పేజీ తెరుచుకుని, బీప్ శబ్దంతో ‘వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి’ అంటే అది మోసగాళ్ల వల. కాల్ చేస్తే రిమోట్ యాప్ వేయిస్తారు, ఆ తర్వాత బ్యాంక్ ఖాతా మీద పడతారు. బ్రౌజర్ మూసేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. వారంటీలో ఉన్న కంప్యూటర్‌ను బాగుచేయకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

కౌంటర్‌లో కంప్యూటర్ ఆగితే?

అంతరాయం మధ్యలో మీ డబ్బు కట్ అయిందా? వెంటనే రెండోసారి చెల్లించకండి. లావాదేవీ నంబర్ స్క్రీన్‌షాట్ తీసుకోండి, దరఖాస్తు నంబర్ వచ్చిందేమో అడగండి. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపులో మీ ఖాతా నుంచి డబ్బు పోయి, అవతల ధ్రువీకరణ రాకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా అది తిరిగి జమ కావాలి. అంతకు మించితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. చివరి తేదీ ఉన్న దరఖాస్తు అయితే, ఆ రోజు వచ్చినట్లు రాతపూర్వకంగా రసీదు అడగండి.

సేవలు అందించే చోట్లకు 2024 జులై నేర్పింది ఇంకా ఉంది. అప్‌డేట్‌ను అన్ని యంత్రాలకూ ఒకేసారి వేయకూడదు. ముందు ఒకటి రెండింటిలో వేసి చూడాలి. రికవరీ కీలు ఒకరి జ్ఞాపకంలో కాకుండా రిజిస్టర్‌లో ఉండాలి. ఒక అదనపు కంప్యూటర్ సిద్ధంగా ఉండాలి. ఆ రోజు చేత్తో బోర్డింగ్ పాస్‌లు రాసి ప్రయాణికులను పంపినట్లే, కంప్యూటర్ లేని గంటలో పని ఎలా నడపాలో కాగితం మీద ఉండాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, అదనపు భద్రతా అప్‌డేట్లు కూడా తీసుకోకుండా అదే నడుపుతున్న పాత యంత్రాల సంగతి తేల్చడం ఇప్పుడు మరింత అవసరం.

మీ ఇంటి కంప్యూటర్‌కూ ఈ జాబితా వర్తిస్తుంది. ఈ రోజు అది బాగానే పనిచేస్తోందా? అయితే బ్యాకప్ తీసి, రికవరీ కీ రాసిపెట్టుకోవడానికి ఇదే సరైన రోజు.