ఎమ్మారై లేదా? టేపుతో మొదలుపెట్టండి

మేడ్చల్, శామీర్‌పేట వైపు కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే వినిపించే మాట: "మెదడు మీద చేద్దామనుకున్నాం, కానీ స్కానింగ్ మెషీన్ ఎక్కడుంది?" అక్కడితో ఆగి, అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనేస్తారు. కొనకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఎఫ్‌నిర్స్ గురించి చదవండి. తలపై ఒకచోట పరారుణ కాంతిని పంపి, సుమారు 3 సెంటీమీటర్ల దూరంలో బయటికొచ్చిన కాంతిని కొలుస్తారు. రక్తంలో ఆక్సిజన్ మార్పును బట్టి మెదడు పనితీరును అంచనా వేస్తారు. 1977లో ఫ్రాన్స్ జాబ్సిస్ దీనికి దారి చూపారు. చిక్కల్లా ఒకటే. ఆ కాంతి చాలావరకు చర్మం, పుర్రెల్లోనే తిరిగి వచ్చేస్తుంది. మెదడులోని మార్పుకు కొలత ఎంత స్పందిస్తుందో, అదే సెన్సిటివిటీ. పుర్రె మందం మనిషికో తీరు. ఈ అంచనా తప్పితే, కాంతి చేరని చోట కూడా "మెదడు స్పందించలేదు" అని రాసేస్తాం. పక్షవాతం రోగి విషయంలో అది చిన్న తప్పు కాదు.

అందరికీ ఎమ్మారై తీయలేం. అందుకే నమూనా తలలు వాడతారు. కోలిన్27 అంటే ఒకే మనిషిని 27 సార్లు స్కాన్ చేసి తీసిన సగటు. మరి అది మన తలకు సరిపోతుందా? 2019లో ట్రిపుల్ఐటీ హైదరాబాద్‌లో జయంతి శివస్వామి బృందం వంద మంది భారతీయుల స్కాన్లతో ఐబీఏ100 అట్లాస్ తయారుచేసింది. పాశ్చాత్యులతో పోలిస్తే మన మెదళ్లు సగటున కొలతల్లో కాస్త చిన్నవని తేలింది. తెలివికీ దీనికీ సంబంధం లేదు, లెక్కకు మాత్రం ఉంది.

మీరు చేయగలిగింది ఇదీ: తల చుట్టుకొలత, ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక వరకు, చెవి నుంచి చెవి వరకు టేపుతో కొలవండి. ఆ కొలతలకు నమూనా తలను సరిచేయండి. ఉచితంగా దొరికే ఎంసీఎక్స్‌తో కాంతి ప్రయాణాన్ని మాంటెకార్లో పద్ధతిలో లెక్కించండి. టేపు పుర్రె మందం చెప్పదు. కాబట్టి ఒకే నమూనాతో ఆగకుండా నాలుగైదు తలల మీద నడపండి. ఒక్క అంకె చెప్పి ఊరుకోకుండా, ఎంత నుంచి ఎంత వరకు మారుతోందో రాయండి.

ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పను. కానీ పక్కనున్న జీనోమ్ వ్యాలీ అయినా, ఇంకెక్కడైనా, "ఈ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?" అని అడిగితే, కొన్న ప్రాజెక్టు నోరు విప్పదు. మీరు విప్పగలరు.