ప్రాంతీయ పైలట్లు: అవకాశాలున్నా ఉద్యోగ భద్రత ప్రశ్నార్థకం

సూరత్: ఇక్కడి వజ్రాల వ్యాపారులు నెలకొల్పిన వెంచురా ఎయిర్‌కనెక్ట్ సంస్థ 2022 జనవరి 1న భావనగర్, అమ్రేలి, రాజ్‌కోట్, అహ్మదాబాద్‌లకు తొమ్మిది సీట్ల సెస్నా విమాన సర్వీసులు ప్రారంభించడంతో యువ పైలట్లకు మరో ద్వారం తెరుచుకుంది.

వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు, పెద్ద విమానాల కమాండర్ హోదాకు అవసరమైన ఉన్నత లైసెన్సుకు 1,500 గంటలు విమానం నడిపిన అనుభవం తప్పనిసరి. ఈ అంతరాన్ని పూడ్చుకోవడానికి చిన్న సర్వీసులు ఉపకరిస్తాయి. అయితే భారీ జెట్ విమానాలకు మారాలంటే మళ్లీ ప్రత్యేక శిక్షణ, దానికి తగిన వ్యయం తప్పవు.

మరోవైపు, 2016లో ప్రకటించిన ఉడాన్ పథకం కింద ఒక మార్గానికి సబ్సిడీ గడువు మూడేళ్లే. ఆ తరువాత ప్రయాణికులు కరవైతే సర్వీసు నిలవడం కష్టం. హైదరాబాద్ కేంద్రంగా 2015లో ప్రారంభమైన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో సర్వీసులను నిలిపివేయడం గమనార్హం. కాగా, అప్పు చేసి శిక్షణ పొందే యువకులు వేతనంతోపాటు సంస్థ మనుగడనూ బేరీజు వేసుకోవలసి ఉంటుంది.