పొలము దారికి మొరమా, బ్లేడా?

కోతలు దగ్గరపడగానే ప్రతి గ్రామములోను ఒక విన్నపము బయలుదేరును: "మా దారికి మొరము తోలించండి." ఊరి నుండి పొలమునకు పోవు ఈ దారిని గోదావరి జిల్లాలలో పుంత అనియు, కృష్ణా, గుంటూరు సీమలలో డొంక అనియు, తెలంగాణలో బండ్లబాట అనియు పిలిచెదరు. పేరేదైనను దాని అవస్థ ఒక్కటే. వానకాలములో మోకాటిలోతు బురద, వేసవిలో ధూళి, నడుమ గతుకులు. ధాన్యము నింపిన ట్రక్కు ఒక్కటి గాడిలో ఒరిగినచో వెనుక పది ట్రాక్టర్లు ఆగిపోవును. కోత యంత్రము గంటకింత అని కిరాయి తీసికొనుచుండగా, దారి సరిలేక అది పొలము చేరుటకే ఆలస్యమగును. ఈలోగా మబ్బు పట్టినచో కళ్లములోని ధాన్యము సంగతి రైతులకు చెప్పనక్కరలేదు.

2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకము ప్రారంభమైన నాటి నుండి దాని క్రింద ఎన్నో గ్రామములలో పొలముల దారులు వేయబడినవి. అది మేలైన పనియే. కాని వేసిన దారిని ఏటేట ఎవరు చక్కదిద్దవలెననుట చాల చోట్ల తేలలేదు. మూడు నాలుగేండ్లకు దారి చెడును. మరల మొరము అడుగుదురు. అదియు గుంటలలో పడి రెండు వానలకు మాయమగును. నా అభిప్రాయము ఇది: మన పొలముల దారులలో పెక్కింటికి కావలసినది క్రొత్త మొరము కాదు, ఆకారము. ఆకారమును తెచ్చుటకు ఊరిలో ఇదివరకే ఉన్న లెవలరు పనికిరాదు. ఏటవాలుగా త్రిప్పుటకు వీలైన వెనుక బ్లేడు కావలెను.

దారిని చెరుపునది బండి బరువుకన్న నీరు. క్రొత్తగా వేసినప్పుడు దారి నడుమ ఎత్తుగాను, రెండు అంచులు వాలుగాను, తాబేటి వీపువలె ఉండును. పడిన వాన ప్రక్క కాలువలలోనికి జారిపోవును. చక్రములు నడిచినకొలది రాళ్లు అంచులకు చిమ్మబడి అక్కడ చిన్నగట్టువలె పేరుకొనును. ఆ గట్టుపై గడ్డి మొలచును. ఇక నీటికి ప్రక్కకు పోవు త్రోవ లేదు. గాడులే కాలువలగును. దారి పొలముకన్న పల్లమగును. అట్టి దానిపై నూరు ట్రక్కుల మొరము పోసినను క్రొత్త కాలువకు క్రొత్త అడుగు వేసినట్లే.

"నా దగ్గర లెవలరు ఉన్నది గదండీ, మళ్లీ బ్లేడెందుకు?" అని రైతులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పెట్టెవంటి లెవలరు ఎత్తుగా ఉన్న మట్టిని గీకి, ముందుకు మోసికొనిపోయి, పల్లములో వదలును. మడిని చదును చేయుటకు అంతకన్న ఏమియు అక్కరలేదు. కాని అది మట్టిని ప్రక్కకు జరుపలేదు. దారికి కావలసినదో, అంచులకు చేరిన రాతిని, మట్టిని గీకి నడుమకు తెచ్చుట. లెవలరుతో దారిని దిద్దినచో దారి బల్లపరుపుగా తయారగును. ఆ నాటికి కంటికి ఇంపుగా ఉండును. మొదటి వానకే నీరు నిలుచును. లేజరు లెవలరు సంగతి చెప్పనే అక్కరలేదు. అది మడి కొరకు పుట్టిన యంత్రము. దారిపై దానిని నడుపుట బంగారు త్రాసులో కట్టెలు తూచుటయే. తొట్టితో త్రవ్వు పెద్ద యంత్రములు పూడిన కాలువలను తీయుటకు మంచివి. దారి పైభాగమును పలుచగా, సమముగా గీకుట వానికి సులభము కాదు. పైగా గంట కిరాయి.

కాబట్టి బ్లేడు. అమ్మకపుదారులు దీనిని టెర్రేసరు బ్లేడని కూడ పిలుతురు. కొనునప్పుడు చూడవలసినవి ఎక్కువ లేవు కాని, చూడక కొన్నచో డబ్బు దండుగ. మొదటిది, బ్లేడు నేలకు సమాంతరముగా ఇటు అటు తిరుగవలెను. అడ్డముగా బిగించి వదలినది బ్లేడు కాదు, మూత లేని లెవలరు. రెండవది వెడల్పు. ఇక్కడనే చాలమంది పొరబడుచున్నారు. ఆరడుగుల బ్లేడును 30 డిగ్రీల ఏటవాలుగా త్రిప్పినప్పుడు అది గీకు వెడల్పు అయిదడుగుల రెండంగుళములు మాత్రమే. మన 40, 45 అశ్వశక్తి ట్రాక్టర్ల వెనుక చక్రముల వెలి అంచుల నడుమ దూరము సాధారణముగా అయిదున్నర నుండి ఆరడుగుల వరకు ఉండును. అనగా బ్లేడు గీకినచోటనే చక్రము మరల జాడ వేయును. ఏడడుగుల బ్లేడైనచో త్రిప్పిన పిదప కూడ ఆరడుగులు మిగులును. అంగడికి పోవుటకు ముందు మీ ట్రాక్టరును టేపుతో కొలిచి, ఆ కొలత కాగితముపై వ్రాసికొని పొండు. మూడవది, క్రింది అంచు ఇనుము బోల్టులతో బిగించినదై, అరిగినప్పుడు మార్చుటకు వీలుండవలెను. తేలిక బ్లేడు గట్టి మొరముపై జారిపోవునే గాని కోయదు. బరువైన దానినే ఎన్నుకొనుడు. బ్లేడుకు ఒక ప్రక్కకు ఒరుగు ఏర్పాటు లేకున్నను దిగులు పడనక్కరలేదు. ట్రాక్టరు కుడి లిఫ్టు రాడ్డును పొడుగు, పొట్టి చేసి ఆ పని కొంతవరకు నడుపుకొనవచ్చును.

బ్లేడుకు ఒక దోషమున్నది. దానిని దాచిపెట్టి పొగడుట నాకిష్టము లేదు. ట్రాక్టరు ముందు చక్రములు దిబ్బ నెక్కినప్పుడు వెనుకనున్న బ్లేడు క్రిందికి పోయి త్రవ్వును. గుంటలో దిగినప్పుడు పైకి లేచును. ఉన్న గతుకులనే మరల అచ్చు వేయును. హైడ్రాలిక్‌ను డ్రాఫ్టు కంట్రోలుపై ఉంచినచో ఇది ఇంకను ఎక్కువగును. ఆ ఏర్పాటు దున్నుట కొరకైనది. నేల గట్టిపడిన చోట పనిముట్టును తనంతట పైకెత్తును. దారి పనికి ఎల్లప్పుడు పొజిషన్ కంట్రోలునే వాడవలెను. అట్లు వాడినను చిన్న అలలు మిగులును. వానిని పోగొట్టుటకు బ్లేడు వెనుక ఇంకొక సాధనము అవసరము. దానిని కొననక్కరలేదు, మీ ఊరి కమ్మరియే చేయగలడు.

ఏడడుగుల ఇనుప దూలములు రెండు, లేక గట్టి తుమ్మ దూలములు రెండు తీసికొని, వాని నడుమ రెండున్నర అడుగుల ఎడముంచి అడ్డుపట్టీలతో బిగింపుడు. దూలములు కొయ్యవైనచో ముందు దూలము క్రింది అంచునకు ఇనుపపట్టీ వేయవలెను. గొలుసును ఒక ప్రక్క పొట్టిగా, ఒక ప్రక్క పొడుగుగా కట్టి ట్రాక్టరుతో ఈడ్చినచో అది ఏటవాలుగా నడచును. పొడవైన గతుకుపై ఒక దూలము ఎక్కినను రెండవది దానిని ఆపును కనుక పైభాగము సమమగును. ఇది క్రొత్త కల్పన కాదు. అమెరికాలో మిస్సోరి రాష్ట్రమునకు చెందిన డి. వార్డ్ కింగ్ అను రైతు పందొమ్మిదవ శతాబ్దము చివర, చీల్చిన దుంగ రెండు ముక్కలతో ఇట్టిదే చేసి, గుర్రములను కట్టి, వాన వెలిసిన పిదప తన ఇంటి ముందరి మట్టిదారిపై ఈడ్చెడివాడు. ఆ దేశపు వ్యవసాయ శాఖ 1908లో ఈ సాధనముపై రైతుల కొరకు ప్రత్యేకముగా ఒక చిన్న పుస్తకమే వేసినది. గుంటక తోలిన మన రైతులకు దీని తత్త్వము వివరించి చెప్పనక్కరలేదు.

పనిముట్టుకన్న అదను ముఖ్యము. రోహిణి కార్తె ఎండలో దారిని గీకినచో సన్నమట్టి ధూళియై ఎగిరిపోవును. రాయి మాత్రము విడిగా మిగులును. రాతిని పట్టియుంచునది ఆ సన్నమట్టియే. అది పోయిన దారిపైననే అలల వంటి గతుకులు త్వరగా ఏర్పడును. అట్లని బురదలో దిగినచో మేలుకన్న కీడెక్కువ. మృగశిర తొలివానలు పడిన రెండు మూడు దినములకు ఒకసారి, స్వాతి కార్తె ప్రాంతమున కోతలకు ముందు మరొకసారి చేయుట మంచిది. నెల్లూరు వంటి జిల్లాలలో ఈశాన్య ఋతుపవనపు వానలు ఆలస్యముగా పడును కనుక రెండవ తరిని ఆ వానలు వెలిసిన వరకు ఆపవలెను. పిడికెడు మట్టి తీసి నొక్కినచో ముద్ద కట్టవలెను, చేతికి అంటరాదు. ఇదే కొలత.

బ్లేడు దించుటకు ముందు గునపముతో నాలుగైదు చోట్ల త్రవ్వి మొరము ఎంత మందమున్నదో చూడవలెను. నల్లరేగడి నేలలలో ఈ జాగ్రత్త తప్పనిసరి. మొరము రెండు మూడు అంగుళములే మిగిలినచోట బ్లేడు లోతుగా దిగినచో క్రింది రేగడి పైకి వచ్చి మొరముతో కలియును. అంతటితో దారి పని సరి. వాన పడగానే చక్రములకు బంకవలె చుట్టుకొనును. అట్టి దారులకు నిజముగనే క్రొత్త మొరము కావలెను. మొరము అడుగవలసినది అక్కడ.

మిగిలిన దారులపై పని ఇట్లు సాగును. మొదట అంచుల గడ్డిని, తుప్పలను చెక్కి ఆవల వేయవలెను. వేళ్లు దారిలో కలిసినచో అక్కడ మట్టి కూర్చొనదు. దారిని అడ్డముగా దాటు బోరు పైపులు, తూముల అంచులు ఉన్నచోట కర్ర పాతి గుర్తుంచవలెను. మన రైతులు పైపులను జానెడు లోతుననే పూడ్చుదురు గదా! తరువాత బ్లేడును 30 డిగ్రీలకు త్రిప్పి, ఒక అంచు వెంబడి పోవుచు మట్టిని నడుమకు త్రోయవలెను. తిరుగు ప్రయాణములో రెండవ అంచు. నడుమ పేరుకొన్న బొద్దును తరువాత పలుచగా పరచవలెను. వేగము గంటకు అయిదు కిలోమీటర్లు దాటరాదు. దాటినచో బ్లేడు ఎగురును. గతుకులను మట్టితో నింపి కప్పిపుచ్చరాదు. గుంట అడుగు వరకు కోసి, చుట్టునున్న మట్టిని కదిలించి మరల పరచిననే అది పట్టును. మరీ గట్టిపడిన చోట ముందుగా కల్టివేటరుతో పైపైన గీరుకొనవలెను. చివరకు దూలములతో రెండు సారులు ఈడ్చి, నింపిన ట్రక్కును ప్రతిసారి చక్రపు జాడ మార్చుచు నడిపించినచో దారి గట్టిపడును.

నడుమ ఎంత ఎత్తు? మొరము దారికి నూటికి నాలుగు వంతుల వాలు చాలును. మూడు మీటర్ల దారిలో నడుమ భాగము అంచులకన్న ఆరు సెంటీమీటర్లు, అనగా సుమారు రెండున్నర అంగుళములు ఎత్తుండవలెను. తాపీ మేస్త్రీలు వాడు నీటిగొట్టముతో ఎవరైనను చూడవచ్చును. ఇంతకన్న ఎత్తు చేసినచో ఎత్తుగా నింపిన గడ్డి ట్రక్కులు ప్రక్కకు ఒరుగును. డ్రైవర్లందరు నడుమనే నడుపుదురు.

బరువు కొరకు బ్లేడుపై మనుషులను నిలబెట్టు అలవాటు కొన్ని చోట్ల కలదు. పిల్లలను గూడ ఎక్కించుచున్నారు. దాగిన రాయి ఒక్కటి తగిలిన చాలును, మనిషి ముందుకు తూలి బ్లేడు క్రింద పడును. ఇసుక మూటలు కట్టుకొనుడు.

ఇక లెక్క చూతము. ఒక కిలోమీటరు పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల దారిపై పది సెంటీమీటర్ల మందము మొరము పోయుటకు 300 ఘనపు మీటర్లు కావలెను. నూరు ఘనపుటడుగుల ట్రక్కులలో తోలినచో అది 106 ట్రక్కులు. అదే దారిని ఎనిమిది సారులు బ్లేడుతో, దూలములతో నడచి దిద్దినచో మలుపులతో కలిపి సుమారు మూడు గంటల పని. గంటకు అయిదు లీటర్ల చొప్పున వేసికొన్నను పదునైదు లీటర్ల డీజిలు. ఏటికి రెండుసారులన్నను ముప్పది లీటర్లు. సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు ఈ రెండు అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెనని నా మనవి.

గ్రామాధికారులతో మరొక మాట. అంచులు లేని దారికి ఏ బ్లేడును ఏమి చేయలేదు. ఏటేట నాగలి సాలు ఒకటి దారిలోనికి జరుగుచున్నది. ప్రక్క కాలువ పొలములో కలిసిపోవుచున్నది. గ్రామపటములో ఇరువది అడుగులున్న డొంక నేలపై పది అడుగులైనచో నీరు ఎక్కడికి పోవును? దారి పని పెట్టుకొనుటకు ముందే సర్వేయరును పిలిపించి, పటము ప్రకారము హద్దురాళ్లు పాతించుట అవసరము. కోతల వేళ ఈ తగవు తీరదు. వేసవిలో, పొలములు ఖాళీగా ఉన్నప్పుడు తీర్పవలెను. అట్లే దమ్ము చక్రములతో దారి వెంబడి ట్రాక్టరును నడుపుటను ఊరివారే కట్టుబాటుగా మాన్పించవలెను. మూడు గంటలు కష్టపడి దిద్దిన దారిని ఇనుపచక్రములు ఒక్క పూటలో దున్నివేయును. చక్రములను ట్రక్కులో వేసికొనిపోయి గట్టుమీద బిగించుకొనుట కొంచెము శ్రమయే, కాదనను.

బ్లేడు ఎవరు కొనవలెను? ప్రతి రైతు కొనుట అనవసరము. ఏడాదిలో నాలుగు రోజులే దానికి పని. యాంత్రీకరణ ఉపపథకము 2014-15లో ఆరంభమైన తరువాత రైతు సంఘములకు అద్దె యంత్ర కేంద్రములు ఏర్పడినవి. అవి రోటవేటర్లను, లెవలర్లను తెచ్చినంత ఉత్సాహముతో బ్లేడును తేలేదు. మీ సంఘము తరువాతి మారు పనిముట్ల పట్టీ వ్రాయునప్పుడు ఏడడుగుల బ్లేడును ఒకదానిని చేర్చవచ్చును. దానికి రాయితీ వర్తించునా, ఎంత అనునది ఏటేట మారును కనుక మండల వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొన్న పిదపనే సొమ్ము చెల్లింపుడు. దారి వెంబడి పొలములున్నవారు ఎకరమునకింత అని డీజిలు ఖర్చు వేసికొన్నచో, ట్రాక్టరున్న రైతు తన బండిని ఇచ్చుటకు వెనుదీయడు. స్వాతి కార్తెకు ముందు గ్రామసభలో ఈ సంగతి ఎత్తినచో కోతలనాటికి దారి సిద్ధమగును.