చదివిన పిదపనే వ్రాయుము

కీలెఱిగి వాత పెట్టవలెనని పెద్దల మాట. పశువునకు జబ్బు చేసినప్పుడు నొప్పి యెక్కడనో తెలిసికొనక ఇనుము కాల్చి పెట్టినచో బాధ రెట్టింపగునే గాని జబ్బు కుదురదు. యంత్రముల సంగతియు ఇట్టిదే. చెడిన యంత్రమును బాగుచేయువాడు మొదట దానిని చదువవలెను. పిదపనే దానిపై చేయి వేయవలెను. ఈ చిన్న సూత్రమును పాఠశాలలో పదిసార్లు వల్లింపజేసినను మనస్సున నిలువకపోవచ్చును. తన చేతులతో ఒక పనిముట్టును నిర్మించి, అది పనిచేయనప్పుడు కారణము వెదకినవానికి మాత్రము ఇది మఱపునకు రాదు. ఆటయంత్రముల మెమొరీని చదివి వ్రాయు యూఎస్‌బి ప్రోగ్రామరు అట్టి పనిముట్టులలో ఒకటి.

గోదావరిఖని, రామగుండము ప్రాంతములలో గనిని ‘బాయి’ యందురు. తాత తట్టయు చెమ్మసును పట్టి బాయిలో దిగెను. తండ్రి యంత్రముల నడుమ పనిచేసెను. మనుమని కాలమునకు పని స్వరూపమే మాఱినది. 2014లో బొగ్గు తీయుట ప్రారంభించిన అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బొగ్గును కోయునది యంత్రము. పైకప్పును మోయునవి జలశక్తితో కదలు ఉక్కు ఆధారములు. వానిని నడపునవి ఎలక్ట్రానిక్ వలయములు. 1990 దశాబ్దపు తొలినాళ్లలో లక్షకు పైబడియున్న సింగరేణి కార్మికుల సంఖ్య నేడు అందు సగమునకు తక్కువ. కావున క్వార్టర్లలో పెరుగుచున్న బాలునకు కండబలము కన్న తప్పు వెదకు నేర్పే మిన్నయైన ఆస్తి. ఆ నేర్పు ఎక్కడ అలవడును? ఆటవస్తువును విప్పి చూచుటయందును అలవడవచ్చును. ఇది పెద్దలకు నచ్చని మాటయైనను నిజమే.

టెలివిజనుకు తగిలించి ఆడుకొను యంత్రమును కన్సోలు అందురు. దానిని మేల్కొలుపు ఆజ్ఞలన్నియు ఫ్లాష్ మెమొరీ యను చిన్న చిప్పునందు వ్రాయబడి యుండును. జపాను దేశమున తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమొరీని లోకమునకు వెల్లడించెను; 1987లో ‘నాండ్’ అను రకము వెలువడెను. అంతకు పూర్వము 1971లో ఇంటెల్ సంస్థయందు డోవ్ ఫ్రోమన్ కనుగొనిన ఈప్రామ్ చిప్పును చెఱుపవలెనన్న అతినీలలోహిత కాంతి క్రింద నుంచవలసి వచ్చెడిది. ఫ్లాష్ చిప్పును విద్యుత్తు చేతనే చెఱుపవచ్చును. అయితే ఇది ఒక్క అక్షరమును మాత్రము తుడుచుటకు వీలుకాని పలక వంటిది. చెఱిపినప్పుడు ఒక బ్లాకు మొత్తము తుడిచిపెట్టుకొని పోవును. పిదప దానిని తిరిగి వ్రాసికొనవలెను. చెఱుపుటలో పొరపాటు జరిగినచో పోయినది తనంత తాను తిరిగి రాదు.

2005వ సంవత్సరము నవంబరు 22న అమెరికాలో విడుదలయైన ఎక్స్‌బాక్స్ 360 దీనికి మంచి ఉదాహరణము. దాని తయారీ 2016లో నిలిచిపోయెను. తయారీ నిలిచిన వస్తువునకు మరమ్మతే ఆయుష్షు. ఆ రకపు యంత్రములలో అనేకమునందు 16 మెగాబైట్ల ఫ్లాష్ చిప్పు కలదు. అందలి వ్రాత ఆ యంత్రమునకే ప్రత్యేకమైన రహస్యపు తాళముతో ముడిపడి యుండును. ఒకని వేలిముద్ర మఱియొకనికి పనికిరానట్లే ఒక యంత్రపు వ్రాతను తెచ్చి మఱియొక యంత్రమున పెట్టినంత మాత్రమున అది మేలుకొనదు. కావున చిప్పుపై ఏమి వ్రాయబోయినను ముందుగా ఉన్నదానిని చదివి భద్రపఱచుకొనవలెను. ఇందులకే ప్రోగ్రామరు కావలసి వచ్చును.

ఇంటిలో చేసికొను ప్రోగ్రామరునకు కావలసిన వస్తువులు కొద్దియే. యూఎస్‌బి తెలిసిన పిఐసి 18ఎఫ్2550 వంటి మైక్రోకంట్రోలరు ఒకటి, 20 మెగాహెర్ట్‌జ్ క్రిస్టలు ఒకటి, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక చిల్లుల బోర్డు, ఏడు సన్నని తీగలు. మైక్రోకంట్రోలరు క్రిస్టలు పౌనఃపున్యమును అయిదింట భాగించి 4 మెగాహెర్ట్‌జ్ చేసికొని, దానినుండి యూఎస్‌బికి వలసిన 48 మెగాహెర్ట్‌జ్ స్పందనను పుట్టించును. యూఎస్‌బి తీగలో వచ్చునది 5 వోల్టులు. ఫ్లాష్ చిప్పు ఓర్చునది 3.3 వోల్టులు. ఈ రెంటి నడుమ వోల్టేజిని తగ్గించు ఏర్పాటు లేనిచో బాగుచేయవచ్చిన చేయియే చిప్పును చంపును. ఇందొక చిక్కు కలదు. కొత్త మైక్రోకంట్రోలరు ఖాళీ పలక. దానిలో మొదటి ఆజ్ఞలను వ్రాయుటకు వేఱొక ప్రోగ్రామరు కావలెను. చెట్టు ముందా, విత్తు ముందా యన్నట్టి ఈ చిక్కు ముందే పనిముట్టు గల మిత్రుని సాయమున గాని విడిపోదు. ఒంటరిగా సర్వము సాధింతునను గర్వము తొలిమెట్టునందే అణగిపోవుట మంచిదే.

బోర్డు సిద్ధమైన మొదటి దినమున అది పనిచేయుట అరుదు. అసలైన విద్య అప్పుడే ప్రారంభమగును. కంప్యూటరు పరికరమును గుర్తింపనే లేదనుకొనుడు. తెలివితక్కువవాడు కంప్యూటరును నిందించును. తెలివిగలవాడు తన టంకమును అనుమానించును. యూఎస్‌బి రెండు డేటా తీగలు తాఱుమాఱైనవా? క్రిస్టలు కాళ్లు సరిగా అతుకుకొన్నవా? మైక్రోకంట్రోలరు లోపలి 3.3 వోల్టుల రెగ్యులేటరును నిలకడగా నుంచు చిన్న కెపాసిటరు మఱచిపోయినాడా? మల్టీమీటరుతో ఒక్కొక్కటి పరీక్షింపవలెను. ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. రెండు మూడు మార్పులు కలిపి చేసినచో, యంత్రము పనిచేసినను దేనివలన పనిచేసెనో తెలియదు. తెలియని విజయము రేపటికి ఉపయోగపడదు.

కంప్యూటరు గుర్తించినది గాని, చదివిన ప్రతి చోటును ఒకే అంకె వచ్చుచున్నదనుకొనుడు. అది చిప్పులోని వ్రాత కాదు. తీగ తెగిన జాడ. లేదా కన్సోలుకు విద్యుత్తు అందుట లేదు. ఒకమాఱు చదివినది మఱియొకమాఱు చదివినదానితో సరిపోలుటలేదా? తీగలు పొడవై యుండవచ్చును. గ్రౌండు తీగ సరిగా అతుకక యుండవచ్చును. రెండు మాఱులును అదే స్థానమున అదే దోషము కనబడినదా? అప్పుడు నిజముగా చిప్పునందే చెడిన బ్లాకు ఉండవచ్చును. నాండ్ చిప్పులలో కొన్ని బ్లాకులు కర్మాగారమునుండియే చెడినవై వచ్చుట కలదు. వానిని తప్పించి నడచు ఏర్పాటును ఉండును. నిలకడ లేని తప్పు తీగది, నిలకడగల తప్పు చిప్పుది అను ఈ వివేకము ఏ పుస్తకమునందు చదివినదాని కన్నను గాఢముగా మనస్సునకు ఎక్కును.

కనుకనే అనుభవజ్ఞులు వ్రాయుటకు ముందు కనీసము రెండుమాఱులు చదివి, రెండు ప్రతులను అక్షరమక్షరము పోల్చి చూతురు. అవి సరిపోయిన పిదపనే వ్రాయుటకు పూనుకొందురు. తొందరపాటు గలవానికి ఇది కాలహరణముగా తోచును. ఆ కొద్ది నిమిషముల ఓపిక లేనందున ఒక యంత్రము ఎన్నటికిని మేలుకొనకపోవచ్చును.

గని పట్టణమున ఈ క్రమశిక్షణకు ఆటకు మించిన అర్థము కలదు. బాయిలో అనుభవముగల కార్మికుడు క్రొత్త చోట అడుగుపెట్టినప్పుడు పైకప్పును కడ్డీతో తట్టి చూచును. గట్టి రాయి మ్రోగును. విడిపోయిన రాయి బోలుగా పలుకును. ఆ శబ్దమును చదివిన పిదపనే అతడు దాని క్రింద నిలుచును. నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపునకు పోవలెనన్న ముందు అనుమతి పొంది, ముందుగా బోరురంధ్రములు వేసి పరీక్షించుచు సాగవలెనని గనుల నిబంధనలు శాసించుచున్నవి. 2003వ సంవత్సరము జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది కార్మికులు ప్రాణములు గోల్పోయిరి. ఆ దినమును ఆ ఊరు మఱవలేదు. పటముపై నున్నది వేఱు, భూమిలో నున్నది వేఱు కావచ్చును. కావున ముందు చదివి, పరీక్షించి, పిదప అడుగు వేయుమనుటయే అట్టి నిబంధనల సారము. ఆటయంత్రముతో ఈ అలవాటు నేర్చిన బాలుడు పొరబడినచో నష్టమగునది ఒక చిప్పు మాత్రమే. అదే అలవాటు లేక బాయిలో దిగినవాని పొరపాటునకు వెల కట్టువారు లేరు.

ఇట్టి ప్రయత్నమును నిరసించువారి వాదములు రెండు కలవు. సిద్ధముగా చేసిన ప్రోగ్రామరులు అంగడిలో దొరకుచుండగా ఇంట చేసికొనుట ఎందులకని మొదటి వాదము. రోజువారీ మరమ్మతులు చేసి బ్రదుకువానికి ఇది సబబైన మాటయే. వాని కాలమునకు విలువ కలదు. నేర్చుకొనువాని విషయము వేఱు. కొన్న పెట్టె పనిచేయనప్పుడు వాడు దానిని అంగడికి తిరిగి ఇచ్చును. తాను చేసినది పనిచేయనప్పుడు కారణము వెదకును. మొదటివానికి వస్తువు దక్కును, రెండవవానికి విద్య దక్కును. విద్యార్థికి కావలసినది రెండవదే.

ఇది దొంగలకు పనికివచ్చు సాధనమని రెండవ వాదము. దీనిని తేలికగా త్రోసిపుచ్చరాదు. మెమొరీని వ్రాయగలవాడు కాపలాను తప్పించి ఇతరులు శ్రమించి చేసిన ఆటలను వెల యివ్వక ఆడుటకు పూనుకొనవచ్చును. న్యాయముగా తనవద్ద నున్న కంప్యూటరు ప్రోగ్రాము నష్టము కాకుండ రక్షణకై ప్రతి తీసికొనుటకు 1957వ సంవత్సరపు భారత కాపీరైటు చట్టము 52వ సెక్షనునందు వీలు కల్పించినది. ఇతరుల హక్కును హరించు తలంపుతో రక్షణ ఏర్పాటులను ఛేదించుటను 2012లో చేర్చిన 65-ఏ సెక్షను నేరముగా పేర్కొన్నది. గీత ఇంత స్పష్టముగా నున్నది. తన యంత్రమును బ్రదికించుకొనుట పౌరుషము. పరుని కష్టమును దోచుట దొంగతనము. గొడ్డలి చెట్టును నఱకును, కాలునూ నఱకును. అందుచేత గొడ్డలిని నిషేధింపరు, పట్టుట నేర్పుదురు. ప్రోగ్రామరును చేయుట నేర్పువారు ఈ గీతను గూడ అదే పాఠమున నేర్పవలెను.

ఇంకొక హద్దు గూడ చెప్పక తప్పదు. ఇంట చేసిన పరికరమునకు ఇంటి బల్లయే చోటు, బాయి కాదు. గాలిలో మీథేను 5 నుండి 15 శాతము వఱకు కలిసినప్పుడు చిన్న నిప్పురవ్వయు ప్రేలుడునకు కారణమగును. 1815లో హంఫ్రీ డేవీ దీపమును జాలితో కప్పినది ఈ భయము వలననే. అందుచేతనే అట్టి గనులలో ప్రత్యేకముగా పరీక్షించి ఆమోదించిన విద్యుత్ పరికరములనే వాడవలెను. అగ్గిపెట్టెను లోనికి కొనిపోనీయని చోట చిల్లుల బోర్డుపై అతికిన వలయమునకు తావెక్కడిది? తన నేర్పు ఎంతవఱకు చెల్లునో ఎఱుగుట కూడ నేర్పులో భాగమే.

కావున తన కుమారుడు పాత కన్సోలును విప్పి, టంకపు కడ్డీ పట్టి కూర్చుండుట చూచిన తండ్రి వెంటనే కోపింపరాదు. నైట్ షిఫ్టు ముగించి వచ్చిన అలసటలోనైనను ఒక్క ప్రశ్న వేయుట మేలు: “ఎన్నిసార్లు చదివితివి? రెండును సరిపోయినవా?” ఆ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పగల బాలుడు ఆటలో కాలము వ్యర్థము చేయుట లేదు. సరిపోలేదని దాచక చెప్పగలవాడు అంతకన్న మేలైనవాడు. తన చేతి తప్పును తానే ఒప్పుకొని, కీలు వెదకి, మఱల టంకము వేయువానికి రేపు ఏ యంత్రమునైనను అప్పగింపవచ్చును.