ముగింపు తరువాతి పేజీ

మీ ప్రాజెక్టు ఫైళ్ళు ఎలా సాగుతాయో మాకు కొట్టినపిండి. రంగుల అట్ట, సర్టిఫికెట్, కృతజ్ఞతలు, విషయసూచిక, ఉద్దేశం, పట్టికలు, రెండు మూడు గ్రాఫులు, చివర ముగింపు. స్పైరల్ బైండింగ్ అయ్యాక టీచరు సంతకం, 20కి 18 మార్కులు. ఆ తరువాత ఫైలు మంచం కిందకు చేరుతుంది. నాన్నకో అమ్మకో బదిలీ ఆర్డరు వచ్చిన రోజున పాత పేపర్లతో కలిసి తూకానికి పోతుంది.

ముగింపు తరువాత ఇంకొక పేజీ ఉండాలని మా అభిప్రాయం. “ఈ సంగతి తెలిసింది. తెలిసినవాళ్ళం ఇప్పుడు ఏం చేయాలి?” అని అడిగే పేజీ. ఏ సిలబస్‌లోనూ దానికి మార్కులు లేవు కనుక ఎవరూ అడగరు, ఎవరూ రాయరు. కానీ కొందరు పరిశోధకుల జీవితాలు చూస్తే, వాళ్ళు ఎక్కువ కాలం కూర్చున్నది ఆ పేజీ దగ్గరే అనిపిస్తుంది. భౌతికశాస్త్రం నుంచి ఒకరిని, అర్థశాస్త్రం నుంచి ఒకరిని, వానరాల మధ్య గడిపిన ఒకరిని తీసుకుందాం. పదకొండో తరగతిలో ఏ స్ట్రీమ్ తీసుకోవాలా అని ఇంట్లో చర్చలు నడుస్తున్నవాళ్ళు కంగారుపడనక్కర్లేదు. ఆ పేజీ అన్ని స్ట్రీములకూ ఉమ్మడి.

జోసెఫ్ రాట్‌బ్లాట్ 1908లో పోలండు రాజధాని వార్సాలో పుట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో వాళ్ళ కుటుంబం చితికిపోయింది. పగలు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి, రాత్రి ఫిజిక్స్ చదువుకున్నారు. 1939లో ఇంగ్లండులోని లివర్‌పూల్ వెళ్ళి, న్యూట్రాన్‌ను కనుగొన్న జేమ్స్ చాడ్విక్ దగ్గర పనిలో చేరారు. ఆరోగ్యం బాగాలేక వార్సాలో ఆగిపోయిన భార్య తోలాను ఆయన మళ్ళీ చూడలేదు. యుద్ధం వచ్చింది, నాజీల మారణకాండలో ఆమె పోయారు. హిట్లర్ చేతికి అణుబాంబు ముందుగా వస్తే లోకం గతి ఏమిటన్న భయంతోనే ఆయన 1944లో అమెరికాలోని లాస్ అలమోస్‌కు, బాంబు తయారీకి వెళ్ళారు.

ఆ ఏడాది చివరికల్లా జర్మనీ తన బాంబు ప్రయత్నాన్ని ఎప్పుడో వదిలేసిందని ఆయనకు తెలిసింది. తాను ఏ కారణంతో వచ్చారో ఆ కారణం ఇక లేదు. ఆ సంగతి తెలిసిన మిగిలినవాళ్ళు పని కొనసాగించారు. వాళ్ళంతా చెడ్డవాళ్ళని కాదు. మొదలుపెట్టిన లెక్క చివరికి ఏమవుతుందో చూడాలన్న కుతూహలం చాలా బలమైనది, మీలో లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ళకు అది అర్థమవుతుంది. రాట్‌బ్లాట్ మాత్రం బయటికి వచ్చేశారు. అంతరాత్మ ఒప్పుకోక ఆ ప్రాజెక్టును మధ్యలో వదిలిన శాస్త్రవేత్త ఆయనొక్కరే అని చెబుతారు. దానికి ఆయన చెల్లించిన మూల్యం, గూఢచారి అన్న అనుమానం.

మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆయన ఫిజిక్స్‌ను వదల్లేదు. అదే విద్యను లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రికి, వైద్యానికి తీసుకెళ్ళారు. 1954లో బికినీ దీవి దగ్గర అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ఒక జపాను చేపల పడవ మీద పడింది. ఆ బూడిద గురించి జపాను శాస్త్రవేత్తలు ఇచ్చిన వివరాలతో లెక్కవేసి, ఆ బాంబు పైకి చెప్పినదాని కంటే చాలా ఎక్కువ విషం చిమ్మేదని రాట్‌బ్లాట్ బయటపెట్టారు. ఊరికే “బాంబులు వద్దు” అని కేకవేస్తే ఎవరు వింటారు? పెన్సిలు పట్టుకుని లెక్క చూపించారు కాబట్టి విన్నారు. 1955లో బెర్ట్రండ్ రస్సెల్, ఐన్‌స్టీన్‌ల ప్రకటన మీద సంతకం చేసిన 11 మందిలో ఆయనొకరు. దాని వెంటే రెండు కూటముల శాస్త్రవేత్తలను ఒకేచోట కూర్చోబెట్టే సమావేశం మొదట మన ఢిల్లీలో, నెహ్రూ ఆహ్వానం మీద జరగాల్సింది. సూయజ్ సంక్షోభం వల్ల కుదరక 1957లో కెనడాలోని పగ్‌వాష్ అనే చిన్న ఊళ్ళో జరిగింది. వచ్చింది 22 మంది. ఆ సమావేశాలను ఆయన దశాబ్దాల పాటు నడిపారు. 1995లో పగ్‌వాష్ సంస్థకూ ఆయనకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. బాంబు పడి అప్పటికి 50 ఏళ్ళు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. అమర్త్య సేన్ గురించి మీ ఎకనామిక్స్ పుస్తకంలో ఉంటుంది. ఆయన కూడా చిన్నప్పుడు ఊళ్ళు మారినవాడే అన్న సంగతి అందులో ఉండకపోవచ్చు. తండ్రి ఢాకాలో కెమిస్ట్రీ బోధించేవారు. కొన్నేళ్ళు బర్మాలోని మాండలేలో ఉన్నారు. యుద్ధభయంతో పిల్లవాడిని శాంతినికేతన్‌లో తాతగారింటికి పంపారు. 1943లో బెంగాల్ కరువు వచ్చినప్పుడు ఆయనకు తొమ్మిదేళ్ళు. ఆకలితో వచ్చేవాళ్ళకు బియ్యం పెట్టవచ్చు గాని, ఒక్కో కుటుంబానికి ఒక సిగరెట్ డబ్బాకు మించకూడదని తాతగారు చెప్పారట. ఆ డబ్బాతో బియ్యం కొలిచిన పిల్లవాడికి ఒక విషయం అంతుపట్టలేదు. తన బడిలో చదివే పిల్లల ఇళ్ళలో ఎవరూ ఆకలితో చావడం లేదు. చస్తున్నవాళ్ళంతా భూమిలేని కూలీలు, వాళ్ళలాంటివాళ్ళు.

దాదాపు 40 ఏళ్ళ తరువాత, 1981లో వచ్చిన ఆయన పుస్తకం ‘పావర్టీ అండ్ ఫామిన్స్’ ఆ సందేహానికి జవాబు. 1943లో బెంగాల్‌లో ఉన్న తిండిగింజలు, కరువు లేని 1941లో ఉన్నవాటి కంటే తక్కువేమీ కావని ఆయన లెక్కలు తీశారు. మరి 20 నుంచి 30 లక్షల మంది ఎలా పోయారు? యుద్ధపు ఖర్చులతో బియ్యం ధర ఎగబాకింది, కూలి పెరగలేదు. కలకత్తా నగరవాసులకు ప్రభుత్వం చవకగా బియ్యం అందేలా చూసింది, పల్లెల్లో కూలీని ఎవరూ పట్టించుకోలేదు. అంగట్లో బియ్యం ఉంది, కొనడానికి చేతిలో డబ్బు లేదు. ఆయన లెక్కల మీద తరువాత వాదోపవాదాలు జరిగాయి, అది పరిశోధనకు సహజం. కానీ కరువు అంటే గింజలు లేకపోవడమే అన్న పాత నమ్మకం మాత్రం అక్కడితో కదిలిపోయింది. గింజలు లేకపోవడమే కారణమైతే ఓడల్లో తెప్పించాలి. చేతిలో డబ్బు లేకపోవడం కారణమైతే పనులు పెట్టి కూలి ఇవ్వాలి. జబ్బు పేరు మారితే మందు మారుతుంది కదా.

ఈ కథలో సేన్ పదేపదే గుర్తుచేసే మనిషి ఒకరున్నారు. ‘ది స్టేట్స్‌మన్’ పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్. కరువు గురించి రాయకుండా ప్రభుత్వపు ఒత్తిడి ఉన్న రోజుల్లో, 1943 ఆగస్టులో ఆయన కలకత్తా వీధుల్లో పడి ఉన్నవాళ్ళ ఫోటోలు అచ్చువేశారు. ఆయన ఆర్థికవేత్త కాదు, ఏమీ కనిపెట్టలేదు. కళ్ళ ముందున్నది చెప్పారు, అంతే. స్వేచ్ఛగా రాసే పత్రికలు, ఎన్నికలు ఉన్న దేశంలో అలాంటి పెద్ద కరువుచావులు జరగవని సేన్ తరువాత వాదించారు. 1998లో నోబెల్ వచ్చాక ఆ డబ్బుతో ‘ప్రతీచి’ అనే ట్రస్టు పెట్టి ప్రాథమిక విద్య, ఆరోగ్యాల మీద పని మొదలుపెట్టించారు. ఆయన ఆ పేజీ అలా రాశారు.

జేన్ గుడాల్ గురించి చాలామందికి తెలుసు కనుక క్లుప్తంగా చెబుతాం. 1960లో, 26 ఏళ్ళ వయసులో, ఏ డిగ్రీ లేకుండా టాంగన్యీకా సరస్సు ఒడ్డున గోంబే అడవికి వెళ్ళారు. చింపాంజీ గడ్డిపరకను చెదల పుట్టలో పెట్టి చెదలను పైకిలాగి తినడం చూశారు. పనిముట్లు మనిషి సొత్తు అనుకున్న రోజులవి. చింపాంజీలకు పేర్లు పెట్టకూడదు, నంబర్లివ్వాలి అని పెద్దలు మందలించినా ఆమె పేర్లే ఉంచారు. 1986లో షికాగోలో జరిగిన సదస్సులో ఆఫ్రికా అంతటా అడవులు ఎలా తరిగిపోతున్నాయో విన్నాక ఆమె అడవిలో కూర్చోవడం మాని ఊళ్ళు తిరగడం మొదలుపెట్టారు. 1991లో టాంజానియాలో 12 మంది విద్యార్థులతో ‘రూట్స్ అండ్ షూట్స్’ మొదలైంది. పన్నెండు మంది, మీ తరగతిలో రెండు బెంచీల వరసలు. 2025లో, 91వ ఏట, ఉపన్యాస యాత్రలో ఉండగానే కన్నుమూశారు.

వానరాల ప్రస్తావన వచ్చింది కనుక ఒక ప్రయోగం. 2003లో సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ కాపుచిన్ కోతులతో చేసింది. రాయి తెచ్చిస్తే కీరదోస ముక్క ఇస్తారు. కోతి హాయిగా తింటుంది. పక్క కోతికి అదే పనికి ద్రాక్షపండు ఇవ్వడం చూసిందా, కీరదోస తీసుకోదు, ఒక్కోసారి విసిరికొడుతుంది. ఈ వీడియో చూసి అందరూ నవ్వుతారు. 2010లో చింపాంజీలతో చేసిన ప్రయోగం గురించి మాత్రం తక్కువమందికి తెలుసు. అందులో పక్కవాడికి క్యారెట్ ఇచ్చి తనకు ద్రాక్ష ఇచ్చినప్పుడు, ఇద్దరికీ ద్రాక్ష ఇచ్చినప్పటి కంటే ఎక్కువసార్లు ద్రాక్షను వద్దన్నాయి. ఈ ప్రయోగాలకు వేరే అర్థం చెప్పే శాస్త్రవేత్తలూ ఉన్నారు. అయినా ద్రాక్ష దొరికిన చింపాంజీ దగ్గర కాసేపు ఆగండి. కాలనీ గేటు లోపల ట్యాంకు నిండుగా ఉండి, గేటు బయట బిందెల వరస ఉన్న ఊళ్ళు మనలో చాలామందిమి చూశాం. ద్రాక్ష మన చేతిలోనే ఉంది.

“మేం ఈ ఊరివాళ్ళం కాదు కదా, మార్చిలో వెళ్ళిపోతాం కదా” అనే మాట మన స్కూళ్ళలో ఎక్కువ వినిపిస్తుంది. బదిలీల బతుకులో అది పిల్లలకు కవచం లాంటిది. ఎక్కడా మనసు పెట్టుకోకపోతే వదిలేటప్పుడు ఏడుపు రాదు. ఆ బాధ మాకూ తెలుసు, తేలిగ్గా తీసిపారేయం. కానీ లాస్ అలమోస్ రాట్‌బ్లాట్ ఊరు కాదు, గోంబే గుడాల్ ఊరు కాదు. కొత్తగా వచ్చిన కన్ను, అలవాటుపడ్డ కన్ను చూడనిది చూస్తుంది. అయితే బయటివాళ్ళు తొందరపడితే చిక్కే. గోంబేలో అరటిపళ్ళు పెట్టడం వల్ల చింపాంజీల నడతే మారిందని గుడాల్ మీద తోటి శాస్త్రవేత్తల విమర్శ ఉంది. కనుక ముందు పట్టిక, తరువాతే ఆ పేజీ.

మన తెలుగులో ‘తెలివి’ అన్న మాటకు బుద్ధి అనే కాదు, స్పృహ అనే అర్థం కూడా ఉంది. సొమ్మసిల్లినవాడు కళ్ళు తెరిస్తే ‘తెలివి వచ్చింది’ అంటాం. మార్కులు చూసి తెలివైన పిల్ల అనేటప్పుడు ఈ రెండో అర్థం మనకు గుర్తురాదు.

ఈ ఏడాది ప్రాజెక్టుకు మా ప్రతిపాదన చిన్నదే. నీళ్ళో, చెత్తో, బస్టాపు దగ్గర పిల్లల లెక్కో, మీకు కనిపించేది ఒకటి ఎంచుకోండి. నెల రోజులు రాసిపెట్టండి. ముగింపు తరువాత, ఇది ఎవరికి చెప్పాలి, మనం ఏం చేయగలం అని ఒక్క పేజీ రాయండి. ఫైలు రెండో కాపీ స్కూలు లైబ్రరీలో ఇచ్చి వెళ్ళండి. జూన్‌లో ఇంకో ఊరి నుంచి బదిలీ మీద వచ్చే పిల్లో పిల్లవాడో దాన్ని తెరిచి, మీరు ఆపిన తేదీ నుంచి మొదలుపెడతారు. రెండో కాపీకి స్పైరల్ బైండింగ్ అక్కర్లేదు, ట్యాగు కడితే చాలు.